వంటింటి సందేహాలు: షార్టెనింగ్ బదులు ఏం వేయాలి?

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా బిస్కెట్లు, కేకుల మీద వచ్చాయి. ఇంగ్లీషు వంటకాల్లో కనిపించే షార్టెనింగ్ అంటే నీటి చుక్క లేని గట్టి కొవ్వు. మన కిరాణా కొట్లో దానికి బాగా దగ్గరది వనస్పతి. ఏ కంపెనీదైనా మనం డాల్డా అనే అడుగుతాం. దాని బదులు ఇంకోటి వేసేముందు రెండు సంగతులు చూసుకోవాలి: వేసేదానిలో నీరెంత ఉంది, మన వంటింటి వేడికి అది గట్టిగా నిలుస్తుందా కరిగిపోతుందా. కింద టేబుల్ స్పూన్ అంటే 15 మి.లీ., టీస్పూన్ అంటే 5 మి.లీ. అని లెక్క. కొవ్వు మాత్రం చెంచాలతో కాకుండా కాటాలో తూచుకోండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి చాక్లెట్ చిప్ కుకీల కొలతలు పంపింది. అందులో ‘ఒక కప్పు షార్టెనింగ్’ అని ఉంది. కప్పు నిండా నెయ్యి పోసి చేస్తే నెయ్యి ఓడుతూ వచ్చాయి. వెన్న వేస్తే ఎంత వేయాలి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: నెయ్యి ఓడడానికి కారణం కప్పు కొలతే. అక్కడ డబ్బాల్లో అమ్మే షార్టెనింగ్‌ను ఫ్యాక్టరీలోనే నైట్రోజన్ వాయువుతో గిలక్కొడతారు. డబ్బాలో కనిపించే దానిలో పదో వంతుకు పైగా గాలే ఉంటుంది. అందుకే వాళ్ల కప్పు, అంటే సుమారు 240 మి.లీ. కప్పు, నిండా కూరినా 190 గ్రాములే తూగుతుంది. అదే కప్పులో కరిగిన నెయ్యి పోస్తే 215 గ్రాములు దాటుతుంది. పాతిక గ్రాముల కొవ్వు ఎక్కువైతే ఏ పిండైనా వదిలేస్తుంది.

ఇక వెన్న సంగతి. పాకెట్ వెన్నలో కొవ్వు నూటికి 80 వంతులు, నీరు 16 దాకా, మిగిలింది ఉప్పు, పాల పదార్థం. కాబట్టి 190 గ్రాముల షార్టెనింగ్‌లో ఉన్నంత కొవ్వు కావాలంటే 235 గ్రాముల వెన్న పడుతుంది. దాంతోపాటు 35, 40 గ్రాముల నీరు కూడా వస్తుంది. పాలు పోసే వంటకమైతే పాలు అంతమేరకు తగ్గించండి. గుడ్లు మాత్రమే వేసే కుకీలైతే రెండు గుడ్లలో ఒకదాని తెల్లసొన తీసేయండి, సరిపోతుంది. ఉప్పు వెన్న వాడితే విడిగా ఉప్పు వేయొద్దు, అంత వెన్నలోనే దగ్గరదగ్గర ఒక టీస్పూన్ ఉప్పు ఉంటుంది. మా మాట అడిగితే కుకీలకు 235 అక్కర్లేదు, 210 గ్రాములు చాలు. కొవ్వు కాస్త తగ్గినా వెన్న రుచి ఆ లోటు కనపడనివ్వదు.

షార్టెనింగ్ కుకీ లావుగా, మెత్తగా నిలబడుతుంది. వెన్న కుకీ పలచగా పాకి అంచుల్లో కరకరలాడుతుంది. వెన్న 32 నుంచి 35 డిగ్రీల్లోనే కరుగుతుంది, షార్టెనింగ్ అంత త్వరగా కరగదు. పిండి గట్టిపడేలోపే వెన్న జారిపోతే కుకీ పాకుతుంది. అందుకని ఉండలు చేసి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి, పొయ్యి 180 డిగ్రీలకు పూర్తిగా వేడెక్కాకే లోపల పెట్టండి. వెన్నలోని పాల పదార్థం త్వరగా ఎర్రబడుతుంది కాబట్టి చెప్పిన సమయానికి రెండు నిమిషాల ముందే చూసుకోండి.

ప్రశ్న: డాల్డా మానేసి నెయ్యితో నాన్‌ఖటాయ్ చేస్తున్నాం. పళ్లెంలో అట్టులా పాకి ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. పైన పగుళ్లు కూడా రావడం లేదు.
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: నెయ్యి కరిగించి పోసి ఉంటారు. నాన్‌ఖటాయ్‌కి నెయ్యి డాల్డా ఎంతో అంతే, తూకానికి తూకం. రెండింట్లోనూ నీరు ఉండదు. తేడా అంతా నెయ్యి ఏ స్థితిలో ఉందన్నదాంట్లోనే. నెయ్యిని నెమ్మదిగా చల్లారనిస్తే పూస కడుతుంది. అన్నంలోకి అది బావుంటుంది గానీ పూసలు గాలిని పట్టుకోలేవు. అదే నెయ్యిని త్వరగా చల్లబరిస్తే పూస చిన్నదై వెన్నలా మెత్తగా వస్తుంది. కరిగించిన నెయ్యి గిన్నెను ఐసు నీళ్లలో పెట్టి చెంచాతో ఆపకుండా తిప్పండి. ముందు మసకబారుతుంది, తర్వాత అడుగున, అంచుల్లో తెల్లగా పేరుకుంటుంది. దాన్ని గీకి మధ్యకు తెస్తూ తిప్పితే నాలుగైదు నిమిషాల్లో మొత్తం తెల్లటి క్రీము అవుతుంది. చెంచా ఎత్తితే జారకుండా నిలిచిన దగ్గర ఐసు నీళ్లలోంచి తీసేయండి. ఇంకా ఉంచితే గడ్డకట్టి చక్కెరతో కలవదు. గేదె నెయ్యి ఆవు నెయ్యి కంటే కొంచెం గట్టిగా నిలుస్తుంది, ఎండాకాలంలో అదే వాడండి.

కొలతలు: మైదా 120 గ్రా., శనగపిండి 30 గ్రా., బొంబాయి రవ్వ 15 గ్రా., మెత్తగా పొడి చేసిన చక్కెర 75 గ్రా., నెయ్యి 90 గ్రా., బేకింగ్ పౌడర్ అర టీస్పూన్, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు. నెయ్యి, చక్కెర తెల్లగా వచ్చేదాకా గిలక్కొట్టి, జల్లించిన పిండ్లు వేసి ముద్దకు వచ్చేదాకా మాత్రమే కలపండి, మర్దించొద్దు. ఉండలు చేసి 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, 160 డిగ్రీల్లో 16 నుంచి 18 నిమిషాలు కాల్చండి. తీసినప్పుడు వేలితో నొక్కితే మెత్తగానే ఉంటాయి, చల్లారాక గట్టిపడతాయి. మెత్తగా ఉన్నాయని మళ్లీ లోపల పెడితే రాళ్లవుతాయి.

మొత్తం పళ్లెం పెట్టేముందు ఒక్క బిస్కెట్ కాల్చి చూడండి. పాకితే మిగతా పిండిలో ఒక టేబుల్ స్పూన్ మైదా కలపండి. పగిలి రాలిపోతుంటే అర టీస్పూన్ నెయ్యి. సబ్బు వాసన వస్తే వంటసోడా ఎక్కువైనట్టు, దానికి మాత్రం మందు లేదు. కుక్కర్లో ఉప్పు పోసి కాల్చేవాళ్లు రబ్బరు, విజిల్ తీసేసి, పది నిమిషాలు ముందుగా వేడిచేసి, తర్వాత సన్నని సెగ మీదే కాల్చాలి.

ప్రశ్న: ఇంట్లో చిలికిన వెన్న ఉంది. అది వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: బిస్కెట్లకైతే కాచి నెయ్యి చేసి వేయండి. చిలికిన వెన్నలో నీరు ఎంత ఉందో ఒకపూటకి ఒకపూట పోలిక ఉండదు, పులుపూ ఉంటుంది. కేకులో వేయాలంటే చల్లటి నీళ్లలో రెండు మూడుసార్లు కడిగి, ఆఖరి నీళ్లు తేటగా వచ్చాక, గుడ్డలో వేసి పిండి నీరు తీసేయండి. 100 గ్రాముల డాల్డా బదులు అలాంటి వెన్న 130 గ్రాములు వేసి, పాలు రెండు టేబుల్ స్పూన్లు తగ్గించండి.

ప్రశ్న: మాది ఉద్దానం. కొబ్బరి నూనెకు లోటు లేదు. డాల్డా బదులు అది వేస్తే చలికాలం బాగానే వస్తోంది, మార్చి దాటితే పిండి నూనె కారుతోంది.
– ఒక పాఠకుడు, కవిటి

జవాబు: కొబ్బరి నూనె 24, 25 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే సీసాలో గడ్డకట్టి ఉంటుంది, అప్పుడది డాల్డాలాగే పనిచేస్తుంది. ఎండాకాలం మన వంటిల్లు 30 డిగ్రీలు దాటి ఉంటుంది కాబట్టి అది నూనే, గట్టి కొవ్వు కాదు. పోనీ ఫ్రిజ్‌లో పెడదామంటే రాయిలా బిగుసుకుంటుంది. డాల్డా మెత్తగా సాగినట్టు అది సాగదు, పెళుసుగా విరుగుతుంది. ఆ ముక్కలు పిండిలో అలాగే ఉండిపోయి, కాల్చినప్పుడు కరిగి అక్కడక్కడ గుంటలు, నూనె మరకలు పడతాయి.

ఈ రెండింటికీ మధ్య స్థితిలో పట్టుకోవాలి. నూనెను ఫ్రిజ్‌లో పెట్టి ఐదేసి నిమిషాలకు ఒకసారి కలపండి. పాతిక నిమిషాల్లోపు గడ్డ పెరుగులా తయారవుతుంది. వెంటనే చక్కెర వేసి కలపాలి. గుడ్లు, పాలు ఫ్రిజ్‌లోంచి తీసినవి పోస్తే నూనె గట్టిపడి రవ్వలు కడుతుంది, వాటిని గంట ముందే బయట పెట్టుకోండి. 100 గ్రాముల డాల్డాకు 100 గ్రాముల కొబ్బరి నూనే, పాళ్లు మార్చక్కర్లేదు.

గానుగ నూనె వాసన కొబ్బరి బిస్కెట్లకు, బెల్లం వేసిన రాగి బిస్కెట్లకు అందం. వెనిలా కేకులో మాత్రం దాన్ని అణచడం ఎవరి తరం కాదు. అక్కడ రిఫైన్డ్ కొబ్బరి నూనె వేసుకోండి.

ప్రశ్న: డాల్డా, చక్కెర గిలక్కొట్టి చేసే కేకులో ఆ డాల్డా బదులు పొద్దుతిరుగుడు నూనె పోశాను. కేకు అడుగున జిగురు పొరలా ఉండిపోయింది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: గట్టి కొవ్వును చక్కెరతో గిలక్కొట్టినప్పుడు చక్కెర పలుకులు అందులో లెక్కలేనన్ని గాలి బుడగలు చేస్తాయి. బేకింగ్ పౌడర్ కొత్తగా బుడగలు పుట్టించదు, ఉన్నవాటిని పెంచుతుందంతే. నూనె గాలిని పట్టుకోదు, ఎంత గిలక్కొట్టినా దండగ. కొలత తగ్గించకపోతే నూనె అడుగుకు దిగి మీరన్న జిగురు పొర అవుతుంది.

నూనె పోస్తే పద్ధతి కూడా మార్చాలి. గాలి గుడ్లలోకి ఎక్కించండి. మూడు గుడ్లు, 180 గ్రాముల చక్కెర ఐదారు నిమిషాలు గిలక్కొడితే తెల్లబడి చిక్కబడతాయి. అందులో 120 మి.లీ. నూనె సన్నటి ధారగా పోస్తూ కలిపి, 100 గ్రాముల పెరుగు, ఆపైన రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్ కలిపి జల్లించిన 200 గ్రాముల మైదా వేసి గరిటెతో మెల్లగా తిప్పండి. పిండి పొడి కనపడకపోతే ఆపేయాలి. 8 అంగుళాల గిన్నెలో 170 డిగ్రీల్లో 35 నుంచి 40 నిమిషాలు. మీ పాత కొలతలనే మార్చుకోవాలంటే 100 గ్రాముల డాల్డాకు 85 గ్రాముల నూనె, అంటే సుమారు 92 మి.లీ. పోయండి. వేరుశనగ నూనె, నువ్వుల నూనె వాసన వెనిలాను మింగేస్తాయి. తవుడు నూనె పరవాలేదు.

గుడ్డు తినని ఇళ్లలో: మైదా 200 గ్రా., పెరుగు 240 గ్రా., చక్కెర 160 గ్రా., నూనె 110 మి.లీ., వంటసోడా అర టీస్పూన్, బేకింగ్ పౌడర్ ఒకటింపావు టీస్పూన్. పెరుగు, చక్కెర కరిగేదాకా కలిపి సోడా వేస్తే పొంగుతుంది. ఆ పొంగు ఉండగానే మిగతావి కలిపి పొయ్యిలో పెట్టాలి, పక్కన పెట్టి కబుర్లు చెప్పుకుంటే పొంగు చల్లారుతుంది.

ప్రశ్న: కొవ్వు అసలు లేకుండా అరటిపండు గుజ్జు వేస్తే సరిపోతుందంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: కేకులో సగం కొవ్వు దాకా నిజమే. 100 గ్రాముల డాల్డా ఉంటే 50 గ్రాములు తీసి, 50 గ్రాముల మగ్గిన చక్కెరకేళి గుజ్జు వేయండి, చక్కెర ఒక టేబుల్ స్పూన్, పాలు రెండు టేబుల్ స్పూన్లు తగ్గించండి. మొత్తం కొవ్వు తీసేస్తే కేకు రబ్బరులా సాగుతుంది. గుజ్జులో మూడొంతులు నీరే కాబట్టి బిస్కెట్లలో పనికిరాదు, మెత్తటి రొట్టె ముక్కలు వస్తాయి.

ప్రశ్న: డాల్డా గుండెకు మంచిది కాదని మానేశాం. ఇప్పుడు దొరికేదాంట్లో ట్రాన్స్ ఫ్యాట్ లేదంటున్నారు. మళ్లీ వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ పరిమితిని 2021 జనవరిలో 3 శాతానికి, 2022 జనవరిలో 2 శాతానికి దించారు. పాకెట్ మీద లెక్క అచ్చేసి ఉంటుంది, చదివి కొనండి. డబ్బాలోంచి విడిగా తూచి ఇచ్చేది, పేరు లేనిది వద్దు. ట్రాన్స్ ఫ్యాట్ తగ్గినా గట్టిగా ఉండే కొవ్వు ఏదైనా సంతృప్త కొవ్వే. వెన్నలో సగం, కొబ్బరి నూనెలో పదింట తొమ్మిది వంతుల దాకా అదే. పండక్కి చేసుకునే బిస్కెట్లలో ఏది వేసినా పెద్ద తేడా రాదు. రోజూ తినేవాళ్లయితే నూనెతో చేసే కేకు వైపు మళ్లడం మేలు. గుండెకు మందులు వాడుతున్నవాళ్లు డాక్టరునే అడగాలి.

ప్రశ్న: ఇంటి దగ్గరే ఎగ్ పఫ్‌లు చేసి అమ్ముదామనుకుంటున్నాం. బేకరీవాళ్లు వాడే మార్జరిన్ వద్దు. నెయ్యితో గానీ వెన్నతో గానీ అన్ని పొరలు వస్తాయా?
– ఇద్దరు పాఠకురాళ్లు, నరసన్నపేట

జవాబు: వెన్నతో వస్తాయి. నెయ్యితో ఆ పొరలు రావు, ఇంకో రకం వస్తాయి, అవి చివర చెబుతాం.

బేకరీల్లో వాడే పఫ్ మార్జరిన్ మైనంలా సాగుతుంది, 40 డిగ్రీల దాకా కరగదు. మే నెల మధ్యాహ్నం కూడా దాంతో పిండి ఒత్తగలుగుతున్నారంటే అందుకే. వెన్న సరిగా సాగేది 13 నుంచి 16 డిగ్రీల మధ్యే. అంతకన్నా చల్లగా ఉంటే పిండి లోపల పెంకుల్లా విరుగుతుంది, 20 దాటితే పిండిలోకి ఇంకిపోతుంది. కాబట్టి తెల్లవారుజామునే మొదలుపెట్టండి, లేదా ఏసీ గదిలో చేయండి.

ముద్దకు: మైదా 250 గ్రా., చల్లటి వెన్న 25 గ్రా., చల్లటి నీళ్లు 125 మి.లీ., నిమ్మరసం ఒక టీస్పూన్, చిటికెడు ఉప్పు. కలిపి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. మధ్యలో పెట్టడానికి 180 గ్రాముల వెన్నను రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య ఉంచి, అప్పడాల కర్రతో కొట్టి 15 సెం.మీ. చదరపు పలక చేయండి. ఆ పలక అంచు పట్టుకుని వంచితే విరక్కుండా వంగాలి, వేలికి జిడ్డు మెరుపు అంటకూడదు. విరిగితే రెండు నిమిషాలు బయట ఉంచండి, వేలికి అంటితే మళ్లీ ఫ్రిజ్‌లోకి. ఈ ఒక్క పరీక్ష దగ్గర తొందరపడితే తర్వాత ఎంత ఒత్తినా ప్రయోజనం లేదు.

ముద్దను 22 సెం.మీ. చదరంగా ఒత్తి, వెన్న పలకను మూలలు అడ్డంగా వచ్చేలా మధ్యలో పెట్టి, నాలుగు మూలలూ కవరులా మూసేయండి. 45 సెం.మీ. పొడవున ఒత్తి మూడు మడతలు వేసి, అరగంట నుంచి ముప్పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి. మళ్లీ ఒత్తేటప్పుడు ముద్దను పక్కకు తిప్పి ఒత్తాలి. ఇలా ఆరుసార్లు. ఒక్కో మడతకు పొరలు మూడింతలవుతాయి కాబట్టి ఆరు మడతలకు వెన్న పొరలు 729 అవుతాయి. ఐదుతో ఆపినా అమ్మకానికి చాలు. మధ్యలో ఎక్కడైనా వెన్న పైకి కనపడితే అక్కడ మైదా చల్లి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి.

చివర గంటసేపు ఆగి, 4 మి.మీ. మందాన ఒత్తి, 10 సెం.మీ. చదరాలుగా పదునైన కత్తితో పైనుంచి కిందికి ఒక్క కోతతో కోయండి. లాగితే అంచులు అతుక్కుంటాయి. ఉల్లిపాయ మసాలా పూర్తిగా చల్లారి, నీరు లేకుండా ఉండాలి. దాని మీద సగం గుడ్డు పెట్టి మడవండి. పైన గుడ్డు సొన రాసేటప్పుడు కోసిన అంచులకు తగలనివ్వకండి, సొన ఆరితే పొరలు జిగురు పెట్టినట్టు అతుక్కుపోతాయి. 210 డిగ్రీల్లో 12 నిమిషాలు, తర్వాత 190లో మరో 12 నుంచి 15 నిమిషాలు. మొదటి పావుగంట తలుపు తీయొద్దు. పొరలను పైకి లేపేది వెన్నలోని నీటి ఆవిరే. పళ్లెంలో వెన్న మడుగు కట్టిందంటే పొయ్యి చాలినంత వేడెక్కలేదు, లేదా ఒత్తేటప్పుడే వెన్న పిండిలో కలిసిపోయింది.

నెయ్యికి ఖాజాల పద్ధతి ఉంది. నెయ్యి, బియ్యప్పిండి చెరో 60 గ్రాములు నురగ వచ్చేలా కలిపి, పలచగా ఒత్తిన మైదా చపాతీల మీద రాసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, చాపలా చుట్టి ముక్కలు కోయండి. నెయ్యి పిండిలోకి ఇంకకుండా బియ్యప్పిండి అడ్డుపడుతుంది. ముక్కలను కొద్దిగా ఒత్తి 190 డిగ్రీల్లో పాతిక నిమిషాలు కాలిస్తే కరకరలాడే పొరలు వస్తాయి. నెయ్యిలో నీరు లేదు కాబట్టి పఫ్‌లా పొంగవు. కారం బిస్కెట్లలా అమ్ముకోవడానికి బావుంటాయి, ఎగ్ పఫ్ అని మాత్రం అమ్మకండి.

ప్రశ్న: పుట్టినరోజు కేకు మీద వెన్న ఐసింగ్ గంటలో జారిపోయింది. డాల్డా లేకుండా నిలబెట్టే దారి?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: ఏప్రిల్, మే నెలల్లో ఒట్టి వెన్న మన దగ్గర నిలవదు. 200 గ్రాముల డార్క్ చాక్లెట్ తురిమి, 100 గ్రాముల వేడి క్రీము పోసి, కరిగాక చల్లార్చి పూయండి. పూలు, గీతలు తీయాలంటే మాత్రం వెన్న 60 పాళ్లు, వనస్పతి 40 పాళ్లు కలపక తప్పదు. వనస్పతి ఒక్కటే వేస్తే అంగిలికి పొరలా అంటుకుంటుంది. నెయ్యి ఐసింగ్ ఆలోచనే వద్దు.

ప్రశ్న: మా ఊళ్లో జీడిపప్పు ముక్కలు చవక. నెయ్యి తగ్గించి జీడిపప్పు ముద్దతో బిస్కెట్లు చేయొచ్చా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: చేయొచ్చు, రుచికి ఢోకా లేదు. ముక్కలైనా గుండైనా జీడిపప్పులో కొవ్వు నూటికి 45 వంతుల దగ్గర ఉంటుంది. పైన చెప్పిన నాన్‌ఖటాయ్ కొలతల్లో 90 గ్రాముల నెయ్యిని 50కి తగ్గించి, 85 గ్రాముల జీడిపప్పు ముద్ద వేయండి. ముద్దతో పాటు పిండి పదార్థం కూడా వస్తుంది కాబట్టి మైదా 30 గ్రాములు తగ్గించాలి. నెయ్యి పూర్తిగా తీసేయొద్దు, బిస్కెట్ బిగుసుకుపోతుంది.

వానాకాలంలో మెత్తబడిన పప్పును సన్నని సెగ మీద ఐదు నిమిషాలు వేయించి, పూర్తిగా చల్లారాక మిక్సీలో వేయండి. పది సెకన్లకోసారి ఆపుతూ, అంచులు గీకుతూ తిప్పాలి. ఆపకుండా తిప్పితే జారు వేడెక్కి నూనె విడిపోతుంది, ఆ నూనెతో బిస్కెట్లు పాకుతాయి. ఇవి త్వరగా ఎర్రబడతాయి కాబట్టి 150 డిగ్రీల్లో 18 నుంచి 20 నిమిషాలు కాల్చండి. డబ్బాలో మూత బిగించి పెట్టుకుని పది రోజుల్లోపు తినేయాలి, తర్వాత జీడిపప్పు నూనె మక్కు వాసన వస్తుంది.